రామగుండానికి లేని ప్రయోగశాల

2025 వానాకాలంలో యూరియా బస్తా కోసం తెలంగాణ రైతు పడ్డ పాట్లు ఎవరూ మరిచిపోలేదు. సింగిల్ విండో గోదాము తెరవకముందే వచ్చి, చెప్పులూ పాసుపుస్తకాలూ వరుసలో పెట్టి, చెట్టు కింద పడిగాపులు కాశారు. నాటు పడ్డ వరికి మళ్లీ యూరియా చల్లాల్సిన అదను అది. సరిగ్గా ఆ ఆగస్టులోనే రామగుండం ఎరువుల కర్మాగారంలో సాంకేతిక లోపాలతో ఉత్పత్తి ఆగింది. నిండు సామర్థ్యంతో నడిస్తే రోజుకు 3,850 టన్నుల యూరియా ఇచ్చే ప్లాంటు అది. 45 కిలోల బస్తాల్లో లెక్కిస్తే 85 వేలకు పైమాటే.

కేటాయింపులు ఎవరు తగ్గించారు, పంపిణీలో ఎవరు విఫలమయ్యారు అన్న వాదన అప్పట్లో చాలా రోజులు సాగింది. సాగాల్సిందే, కానీ దానికంటే పాత ప్రశ్న ఒకటి పెద్దపల్లి జిల్లాలో నలభై ఐదేళ్లుగా మిగిలిపోయి ఉంది. ఇక్కడ బొగ్గుంది, గోదావరి నీళ్లున్నాయి, కరెంటుంది, ఎరువుల కర్మాగారం ఒకసారి కాదు, రెండుసార్లు వచ్చింది. ఈ బొగ్గును, ఈ ప్లాంటును, ఇక్కడే కూర్చుని రసాయనశాస్త్రపరంగా చదివే పరిశోధన సంస్థ మాత్రం ఒక్కసారీ రాలేదు. మొదటి కర్మాగారం మూతపడటానికీ, రెండోది ఆగినప్పుడల్లా మనం చేతులు కట్టుకుని చూడటానికీ మూలం ఇక్కడే ఉందని నా నమ్మకం.

యూరియాకు అమ్మోనియా కావాలి. అమ్మోనియాకు నైట్రోజన్, హైడ్రోజన్ కావాలి. నైట్రోజన్ గాలిలో ఉచితంగా దొరుకుతుంది. చిక్కంతా హైడ్రోజన్‌తోనే. దాన్ని సహజవాయువు నుంచి తీయొచ్చు, నాఫ్తా నుంచి తీయొచ్చు, బొగ్గు నుంచీ తీయొచ్చు. 1970ల్లో చమురు ధరలు భగ్గుమన్నాక బొగ్గు దారి దేశానికి మరింత ఆశాజనకంగా కనిపించింది. తాల్చేరు, రామగుండం, కోర్బాల్లో బొగ్గు ఆధారిత ఎరువుల కర్మాగారాలు కట్టాలన్నది అప్పటి పథకం. కోర్బా మధ్యలోనే ఆగిపోయింది. మిగతా రెండూ 1980 నవంబర్ 1న వాణిజ్య ఉత్పత్తి మొదలుపెట్టాయి. రామగుండంలో రోజుకు 900 టన్నుల అమ్మోనియా, 1,500 టన్నుల యూరియా తీయాలన్నది లక్ష్యం.

బొగ్గును వాయువుగా మార్చేందుకు ఎంచుకున్నది జర్మనీకి చెందిన కోపర్స్-టోట్జెక్ పద్ధతి. బొగ్గును మెత్తటి పొడిగా నూరి, ఆక్సిజన్‌, ఆవిరితో కలిపి కొలిమిలోకి ఊదుతారు. 1,500 డిగ్రీలు దాటిన వేడిలో బొగ్గు క్షణాల్లో కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ మిశ్రమంగా మారుతుంది. బూడిదలో కొంత కరిగి చిట్టెంగా కిందికి జారుతుంది, మిగిలింది వాయువుతో పాటే ఎగిరిపోతుంది. మంచి పద్ధతే, అనేక దేశాల్లో నడిచింది. కానీ సింగరేణి బొగ్గులో బూడిద తరచుగా మూడో వంతు దాకా ఉంటుంది, కొన్ని గనుల్లో అంతకు మించుతుంది. పైగా అందులో సిలికా, అల్యూమినా ఎక్కువ కావడంతో అది ఓ పట్టాన కరగదు. ఖరీదైన ఆక్సిజన్‌లో కొంత రాయిని వేడి చేయడానికే ఖర్చవుతుంది. బూడిద గొట్టాలను అరగదీస్తుంది, కొలిమి లోపలి ఇటుకను తింటుంది, వాయువును కడిగే వ్యవస్థ మీద భారం వేస్తుంది.

దీనికి తోడు మరో బలహీనత ఉంది. ఈ కొలిమిలో వాయువు దాదాపు మామూలు వాతావరణ పీడనం దగ్గరే పుడుతుంది. అమ్మోనియా తయారు కావాలంటే దాన్ని వంద రెట్లకు మించిన పీడనానికి తొక్కాలి. గాలి నుంచి ఆక్సిజన్ విడదీయడానికి కంప్రెసర్లు, వాయువును తొక్కడానికి కంప్రెసర్లు. అన్నీ కరెంటు మీద నడిచేవే. ఉమ్మడి రాష్ట్రంలో అప్పుడు కరెంటు కోతలు మామూలు సంగతి. సరఫరా ఒక్కసారి తెగిందంటే కొలిమి చల్లారేది, శుద్ధి వ్యవస్థ నిలిచిపోయేది, మళ్లీ గాడిన పడేసరికి రోజులు గడిచేవి. పక్కనే ఎన్టీపీసీ చిమ్నీలు లేచినా ఆ కష్టం తీరలేదు. కర్మాగారం తన సామర్థ్యాన్ని ఎన్నడూ అందుకోలేదు. 1992లో భారత ఎరువుల సంస్థ (ఎఫ్‌సీఐ) వ్యవహారం ఖాయిలా పరిశ్రమల బోర్డు ముందుకు వెళ్లింది. 1999 మార్చి 31న రామగుండంలో ఉత్పత్తి ఆగింది. 2002లో మూసివేత నిర్ణయం వచ్చింది. ఎఫ్‌సీఐ కాలనీ ఖాళీ అయింది.

ఈ కథను మన దగ్గర ఎప్పుడూ ఒకే వాక్యంలో ముగిస్తారు: బొగ్గు మంచిది కాదు, టెక్నాలజీ కుదరలేదు. నిజమే. అయితే కుదరనిదాన్ని కుదిర్చే పని ఎవరిది? సింద్రీలో ఎరువుల సంస్థకు ప్రణాళిక, అభివృద్ధి విభాగం ఒకటి ఉండేది. అమ్మోనియా ప్లాంట్లకు కావాల్సిన ఉత్ప్రేరకాలను సొంతంగా తయారు చేసిన ఘనత దానిది. రామగుండం నుంచి రోడ్డు మీద వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు దూరం. 1978లో ఎరువుల సంస్థను ముక్కలు చేసినప్పుడు ఆ విభాగం విడి కంపెనీ అయింది. అంటే రామగుండం కొలిమి వెలగడానికి రెండేళ్ల ముందే పరిశోధన ఒక కంపెనీలోకి, ఉత్పత్తి మరో కంపెనీలోకి వెళ్లిపోయాయి. ఈ విభజన మీద మన దగ్గర జరగాల్సినంత చర్చ జరగలేదు.

చెడ్డ బొగ్గుతో మొదలైన దేశం ప్రపంచంలో మనదొక్కటే కాదు. హంగరీని చూడండి. తెలంగాణ కంటే కొంచెం చిన్న దేశం, జనాభా కోటికి అటూ ఇటూ. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత మూడింట రెండొంతుల భూభాగం పోగొట్టుకుంది. చేతిలో మిగిలిన బొగ్గులో ఎక్కువ భాగం గోధుమరంగు బొగ్గు, లిగ్నైట్. వేడి తక్కువ, గంధకం ఎక్కువ. ఆ దేశం 1931లో వార్పలోతా గనుల పక్కన పేట్ అనే చోట నైట్రోజన్ కర్మాగారం పెట్టింది. అక్కడి ఎరువును హంగరీ రైతులు నేటికీ ‘పేట్ ఉప్పు’ అనే పేరుతోనే అడుగుతారు.

పేట్‌లో ఎరువుతో పాటు ప్రయోగాలూ జరిగాయి. యోజెఫ్ వర్గా అనే రసాయన శాస్త్రవేత్త బొగ్గునూ, తారునూ అధిక పీడనంలో హైడ్రోజన్‌తో చర్య జరిపించి ఇంధన చమురు తీసే పద్ధతుల మీద ఏళ్ల తరబడి పనిచేశాడు. గంధకం తగిలితే ఉత్ప్రేరకం చచ్చిపోతుందన్నది రసాయన పరిశ్రమలో సాధారణంగా ఉండే భయం. వర్గా ఆ భయంతో ఆగిపోలేదు. హైడ్రోజన్ సల్ఫైడ్ తగిన మోతాదులో ఉంటే కొన్ని ఉత్ప్రేరకాలతో చర్య మరింత చురుగ్గా సాగుతుందని చూపాడు. రసాయన శాస్త్ర పుస్తకాల్లో అది ఆయన పేరుతోనే నిలిచింది. తమ బొగ్గులో ఉన్న లోపాన్నే ఆ దేశం పరిశోధనాంశంగా తీసుకుందని ఇక్కడ గమనించాలి. మన బూడిదకు అలాంటి వర్గా ఒకరు దొరకలేదు. దొరికే ఏర్పాటే మనం చేయలేదు.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక 1949లో పేట్‌కు దాదాపు ఇరవై కిలోమీటర్ల దూరంలోని వెస్‌ప్రేమ్ పట్టణంలో రసాయన పరిశ్రమ కోసమే ఒక విశ్వవిద్యాలయ శాఖను తెరిచారు. కొద్దికాలానికే అది స్వతంత్ర విశ్వవిద్యాలయమైంది. అదే పట్టణంలో భారీ రసాయన పరిశ్రమకు ఒకటి, చమురు–సహజవాయువులకు మరొకటి పరిశోధన సంస్థలు నడిచాయి. గని, కర్మాగారం, కాలేజీ, ప్రయోగశాల ఒక బస్సు ప్రయాణంలో చుట్టిరాగలిగే దూరంలో ఉన్నాయి. పొద్దున ప్లాంటులో వచ్చిన చిక్కు సాయంత్రానికి ప్రొఫెసర్ బల్ల మీదికి చేరడానికి ఇంతకంటే అనువైన ఏర్పాటు ఉండదు.

చేతికందే ముడిసరుకు నుంచే పెద్ద రసాయనశాస్త్రం పుడుతుందనడానికి ఆ దేశంలోనే మరో ఉదాహరణ మన మిరప రైతులకు నచ్చుతుంది. ఆల్బర్ట్ సెంట్-జార్జీ సి విటమిన్ మీద పనిచేస్తున్నప్పుడు పదార్థం చాలినంత దొరక్క ఇబ్బంది పడ్డాడు. తాను పనిచేసే సెగెడ్ పట్టణం చుట్టూ పండే మిరపలో అది పుష్కలంగా ఉందని 1930ల మొదట్లో కనుక్కున్నాడు. గ్రాములకు కటకటలాడిన చోట కిలోలు వచ్చాయి. 1937లో నోబెల్ వచ్చింది.

హంగరీని ఆకాశానికెత్తడం నా ఉద్దేశం కాదు. అదే సెగెడ్‌లో పనిచేసిన కాటలిన్ కారికో 1985లో పరిశోధనకు నిధులు ఆగిపోయి దేశం విడిచి అమెరికా వెళ్లారు. ఆమె ఎంఆర్‌ఎన్‌ఏ పరిశోధనే కోవిడ్ టీకాలకు ఆధారమై 2023లో నోబెల్ తెచ్చింది. పేట్ కర్మాగారమూ 1970ల్లో సహజవాయువుకు మారింది. 2022లో గ్యాస్ ధర మండిపోయినప్పుడు యూరప్‌లో అనేక ఎరువుల ప్లాంట్లు ఉత్పత్తి తగ్గించుకున్నాయి, కొన్ని ఆపేశాయి. ప్రయోగశాల ఉన్నంత మాత్రాన మార్కెట్ దెబ్బలు తగలకుండా పోవు. తగిలినప్పుడు మరో దారి వెతకగల మనుషులు మాత్రం ఇంట్లోనే ఉంటారు.

మరి మనకు రసాయన పరిశోధన చరిత్ర లేదా అంటే, ఉంది. హైదరాబాద్ రాష్ట్ర ప్రభుత్వం 1944లోనే శాస్త్ర, పారిశ్రామిక పరిశోధనల కోసం కేంద్ర ప్రయోగశాలలు స్థాపించింది. 1956లో సీఎస్‌ఐఆర్ కిందికి వెళ్లి ప్రాంతీయ పరిశోధనశాల అయింది. ఇవాళ తార్నాకలో మనం ఐఐసీటీ అని పిలిచేది దాన్నే. తర్వాత సీఎస్‌ఐఆర్‌కే అధిపతి అయిన డాక్టర్ సయ్యద్ హుసేన్ జహీర్ నాయకత్వంలో అక్కడ సింగరేణి బొగ్గు మీద గట్టి పని జరిగింది. తక్కువ ఉష్ణోగ్రతలో బొగ్గును గాలి తగలకుండా వేడి చేసి పొగరాని వంట ఇంధనం, తారు తీసే పద్ధతి అక్కడే రూపుదిద్దుకుంది. దాని ఆధారంగా గోదావరి అవతల మంచిర్యాల వైపు నస్పూర్‌లో సింగరేణి ప్లాంటు కూడా పెట్టింది. అదీ నిలవలేదు. 1980ల్లో రోజుకు 24 టన్నుల బొగ్గును పీడనంలో వాయువుగా మార్చే ప్రయోగాత్మక ప్లాంటు తార్నాక ప్రాంగణంలో నడిచింది. హైదరాబాద్‌లోని బీహెచ్‌ఈఎల్ పరిశోధన కేంద్రం బూడిద ఎక్కువున్న మన బొగ్గు నుంచే మిథనాల్ తీసి చూపింది. 2022 జనవరిలో ఆ ప్లాంటును దేశానికి చూపించారు. ఉత్పత్తి రోజుకు పావు టన్ను మాత్రమే. చిన్నదే అయినా మన బొగ్గుతో కాదన్న వాదనకు అది చేతల్లో వచ్చిన జవాబు.

అంటే తెలివి హైదరాబాద్‌లో ఉంది, బొగ్గు గోదావరిఖనిలో ఉంది. మధ్య రెండు వందల పైచిలుకు కిలోమీటర్లు. బాయిలో ఏ పొర నుంచి వచ్చిన బొగ్గు ఏ వేడిలో ఎలా ప్రవర్తిస్తుందో రోజూ చూసేవాడికీ, దాన్ని సూత్రంగా రాసేవాడికీ మధ్య రాకపోకలు లేవు.

రెండో కర్మాగారం ఆ పాత పాఠాన్ని ఒక రకంగా నేర్చుకుంది, బొగ్గును వదిలేసింది. 2015 ఫిబ్రవరిలో ఏర్పడిన రామగుండం ఫెర్టిలైజర్స్ అండ్ కెమికల్స్ (ఆర్‌ఎఫ్‌సీఎల్) సహజవాయువు మీద నడుస్తుంది. ఆ గ్యాస్ కోస్తాలోని మల్లవరం నుంచి పైపులైనులో వస్తుంది. అమ్మోనియా పరిజ్ఞానం డెన్మార్క్‌కు చెందిన టాప్సోది, యూరియా పరిజ్ఞానం ఇటలీకి చెందిన సైపెమ్‌ది. రూ. 6,300 కోట్లకు పైగా ఖర్చు పెట్టి, 2021 మార్చిలో వాణిజ్య ఉత్పత్తి మొదలుపెట్టారు. ఏడాదికి 12.7 లక్షల టన్నుల సామర్థ్యం. మూతపడి ఇరవై ఏళ్లయిన చోట మళ్లీ పొగ లేవడం ఆ ప్రాంతానికి మేలే, కాదనను. కానీ దేశంలో యూరియా తయారీకి వాడే గ్యాస్‌లో ఎక్కువ భాగం దిగుమతి చేసుకున్న ఎల్‌ఎన్‌జీనే. పరిజ్ఞానం కొన్నది, ముడిసరుకులో సింహభాగం కొన్నది. ప్లాంటు మొరాయిస్తే విడిభాగం కోసం, నిపుణుడి కోసం బయటికి చూడాల్సిందే. అదను మాత్రం వాళ్ల కోసం ఆగదు.

ఇప్పుడు బొగ్గు మళ్లీ తలుపు తడుతోంది. 2030 నాటికి ఏటా 10 కోట్ల టన్నుల బొగ్గును వాయువుగా మార్చాలని కేంద్రం లక్ష్యం పెట్టుకుంది. 2024 జనవరిలో రూ. 8,500 కోట్ల ప్రోత్సాహక పథకాన్ని ఆమోదించింది. మన ప్లాంటుకు కవల లాంటి తాల్చేరును బొగ్గుతోనే పునరుద్ధరిస్తున్నారు. అక్కడ గ్యాసిఫికేషన్ విభాగం కట్టే కాంట్రాక్టు చైనా కంపెనీ వూహువాన్‌కు దక్కింది. బూడిద సమస్యను తగ్గించడానికి పెట్రోలియం కోక్ కలిపి వాడాలన్నది అక్కడి ఆలోచన. నాడు జర్మనీ, నేడు చైనా. మధ్యలో మన వైపు పోగుపడ్డ జ్ఞానం ఎంత అన్నది తాల్చేరుతో పాటు రామగుండమూ వేసుకోవాల్సిన ప్రశ్న.

బొగ్గు కాల్చడం తగ్గాల్సిన కాలంలో బొగ్గు పరిశోధన ఎందుకని పర్యావరణవేత్తలు అడుగుతారు. ఆ ఆందోళన సరైనదే. బొగ్గు నుంచి తీసే అమ్మోనియా గ్యాస్ నుంచి తీసేదానికంటే ఎక్కువ కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. అందుకే ప్రయోగశాల కావాలి. ఆ వాయువును పట్టి ఉంచడం, యూరియా తయారీలో దాన్ని మరింత వాడుకోవడం, బూడిదను పనికొచ్చే సరుకు చేయడం, సౌరవిద్యుత్తుతో నీటి నుంచి హైడ్రోజన్ తీసి ఇదే అమ్మోనియా గొలుసులో కలపడం, ఇవన్నీ రసాయనశాస్త్రం పరిష్కరించాల్సిన లెక్కలే. వాటిని చేయకుండా గనులు మూతపడే రోజు వస్తే గోదావరిఖనికి మిగిలేది ఓపెన్‌కాస్ట్ గుంతలే.

పని ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పడం కష్టమేమీ కాదు. ఆర్‌ఎఫ్‌సీఎల్‌లో తెలంగాణ ప్రభుత్వానికి 11 శాతం వాటా ఉంది. ప్లాంటు ఆగిన ప్రతిసారీ కారణాన్ని సాంకేతిక నివేదికగా బయటపెట్టమని వాటాదారుగా అది అడగాలి. 2010లో సెంటినరీ కాలనీలో పెట్టిన జేఎన్‌టీయూ మంథని ఇంజినీరింగ్ కాలేజీ ఎరువుల ప్లాంటుకు వెస్‌ప్రేమ్–పేట్ మధ్య ఉన్నంత దూరంలోనే ఉంది. అక్కడ ఐఐసీటీ, సింగరేణి, ఎన్టీపీసీ, ఆర్‌ఎఫ్‌సీఎల్ కలిసి బొగ్గు, అమ్మోనియా రసాయనశాస్త్ర కేంద్రం ఒకటి నెలకొల్పవచ్చు. జీతాలు, పరికరాలు ఏటా ఖాయంగా అందేలా సింగరేణి లాభాల్లో కొద్ది వాటా రాసివ్వాలి. ఐదేళ్ల పథకంగా పెట్టి ఆరో ఏట మూసేసే కేంద్రం వద్దు.

దాని మొదటి ఏడాది పని కూడా సిద్ధంగానే ఉంది. రామగుండం రీజియన్‌లోని ప్రతి గనికీ, ప్రతి పొరకూ బూడిద శాతం, బూడిద కరిగే వేడి, గంధకం, ఆవిరితో చర్య జరిపే వేగం కొలిచి ఒకే పట్టికగా ప్రచురించాలి. రెండోది మరీ తొందరపడాల్సిన పని. 1980 నుంచి 1999 దాకా ఎఫ్‌సీఐలో గ్యాసిఫైయర్ల దగ్గర షిఫ్టులు చేసిన ఆపరేటర్లు, ఫోర్‌మెన్‌లు ఇప్పుడు డెబ్భై ఏళ్లకు అటూ ఇటూ ఉన్నారు. కొలిమి ఏ బొగ్గుకు మొండికేసింది, ఏ మిశ్రమానికి లొంగింది, ఇటుక ఎక్కడ ముందుగా అరిగిపోయింది అన్నది ఏ లైసెన్సు పత్రంలోనూ ఉండదు, వాళ్ల దగ్గర ఉంది. వాళ్లను ఈ ఏడాదే కూర్చోబెట్టి ఆ మాటల్ని రాయించాలి.