నీటి కొలతలు - ప్రజల మాట

ఓరుగల్లు నగరము నానుకొనియున్న ఎనుమాముల వ్యవసాయ మార్కెటు పేరు వినని రైతు తెలంగాణమున అరుదు. మిర్చి పంట వచ్చు దినములలో ఆ యార్డు ఎఱ్ఱని కొండలతో నిండిపోవును. వ్యాపారులు, రైతులు, హమాలీలు చూచుచుండగా అక్కడ జెండా పాట జరుగును. ఆనాటి మేలు సరుకునకు పలికిన ధర అందరి చెవిని పడును. పిమ్మట తన సరుకునకు అంత ధర రాలేదని రైతు వాపోవుట లేకపోలేదు. తేమ యున్నదనియు, తాలు కలసినదనియు ధర తగ్గించుట కలదు. అయినను ఒక మేలు మాత్రము నిలిచియున్నది. “జెండా ధర ఇంత పలికినది గదా, నాకు ఇంతేనా?” అని నిలదీయుటకు రైతునకు నోరున్నది. ఆ నోరు ఎచ్చటినుండి వచ్చినది? ధర బహిరంగముగా పలుకుటనుండి వచ్చినది. తెలిసిన కొలత అన్యాయమును పూర్తిగ ఆపలేకపోవచ్చును. కాని తెలియని కొలత ఉన్నచోట అన్యాయమని చెప్పుటకే వీలుండదు.

పత్తి రైతు నడిగి చూడుడు. పత్తిలో తేమ నూటికి 8 పాళ్లున్న పూర్తి ధర యనియు, 12 పాళ్లు దాటినచో ప్రభుత్వ కొనుగోలు కేంద్రము తీసికొనదనియు తడుముకొనకుండ చెప్పును. అదే రైతును, “మీ ఊరి చెరువు నీటికి కొలత యేమి?” అని అడిగినచో మౌనమే సమాధానము. నీటికి కొలత లేక కాదు. అది అతనికి ఎవరును చెప్పలేదు.

ఆ కొలతలను ఇచట సంగ్రహముగా చెప్పుట అవసరము. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి మన నదులను, చెరువులను అవి తీర్చవలసిన అవసరమును బట్టి అయిదు తరగతులుగా విభజించినది. క్రిమిసంహారము మాత్రము చేసి త్రాగదగిన నీరు ‘ఎ’ తరగతి. స్నానమునకు తగినది ‘బి’. శుద్ధి కేంద్రములో శుద్ధిచేసిన పిమ్మట త్రాగదగినది ‘సి’. చేపలకు, వన్యప్రాణులకు తగినది ‘డి’. సేద్యమునకు, పరిశ్రమలకు పనికివచ్చునది ‘ఇ’. స్నానపు నీటిలో లీటరునకు ప్రాణవాయువు 5 మిల్లీగ్రాములకు తగ్గరాదు, బి.ఓ.డి. అను కొలత 3 మిల్లీగ్రాములు మించరాదు. 100 మిల్లీలీటర్ల నీటిలో కోలిఫారం సూక్ష్మజీవులు 500కు లోబడి యుండవలెను. బి.ఓ.డి. యనగా మరేమియు కాదు. మురుగు నీటిలోని మలినమును సూక్ష్మజీవులు తినివేయునపుడు అవి నీటిలోని ప్రాణవాయువును వాడుకొనును. ఎంత వాడుకొనునో తెలుపునదే ఆ అంకె. మలినము హెచ్చినకొలది ప్రాణవాయువు తగ్గును. తగ్గినచో చేపలు తేలును, నీరు కంపుకొట్టును.

ఇక అసలు ప్రశ్న. ఈ చెరువు ఏ తరగతికి చెందవలెనని నిర్ణయించువా రెవరు?

“ఇది రసాయన శాస్త్రజ్ఞుల పని, సామాన్యులకు ఇందేమి తెలియును?” అని కొందరు పెద్దలందురు. ఈ మాటలో సగము నిజమున్నది. ప్రాణవాయువును కొలచుట శాస్త్రజ్ఞుని పనియే. కాని ఆ నీటితో మనకు కలిగిన పని యేమి యనునది శాస్త్రజ్ఞుడు చెప్పునది కాదు. ఆ గట్టున నివసించువారు చెప్పవలసినది. హనుమకొండలో పద్మాక్షి గుట్ట చెంత సద్దుల బతుకమ్మనాడు వేలకొలది స్త్రీలు పూలను నీటిలో విడుతురు. అట్టి నీరు మనుష్య స్పర్శకు యోగ్యమై యుండవలెనా, అక్కరలేదా? చెరువులో చేపలు పెంచి బ్రదుకు మత్స్యకారునకు ‘ఇ’ తరగతి నీరు చాలునా? అవసరమును ప్రజలు చెప్పవలెను. దానికి తగిన అంకెను శాస్త్రము చెప్పవలెను. ఈ రెండింటి క్రమము తారుమారైనచో, చెరువు ఇప్పటికే చెడియున్నది గనుక దానిని క్రింది తరగతిలో వేసిన చాలునను సులభమైన తర్కము బయలుదేరును. రోగికి జ్వరము తగ్గింపలేక, జ్వరమే ఆరోగ్యమని వ్రాసి యిచ్చిన వైద్యునివలె నుండును ఆ న్యాయము.

చట్టములు లేవా యన్నచో, ఉన్నవి. 1974లో పార్లమెంటు జలకాలుష్య నివారణ, నియంత్రణ చట్టమును చేసినది. 1976లో ఆంధ్రప్రదేశ్‌కును, 2014లో తెలంగాణకును కాలుష్య నియంత్రణ మండలులు ఏర్పడినవి. వ్యర్థజలమును వదలుటకు అనుమతి ఇచ్చునపుడు విధించిన షరతులను మండలి ఒక రిజిస్టరులో వ్రాసి యుంచవలెననియు, ఆ నీటివలన బాధపడువారు దానిని చూడవచ్చుననియు ఆ చట్టమే చెప్పుచున్నది. అట్టి రిజిస్టరు ఒకటి కలదని మనలో ఎందరికి తెలియును? 1986 నాటి పర్యావరణ పరిరక్షణ నియమముల ప్రకారము, ఒక ప్రాంతమున పరిశ్రమలపై ఆంక్ష విధింప దలచినపుడు ఆ సంగతి ముందుగా ప్రకటింపవలెను. 60 దినములలోపల ఎవరైనను తమ ఆక్షేపణను తెలుపవచ్చును. 2006 నాటి ప్రకటన ప్రకారము పెద్ద పరిశ్రమ నెలకొల్పుటకు ముందు జిల్లా అధికారుల సమక్షమున ప్రజాభిప్రాయ సేకరణ సభ జరుగవలెను. నివేదిక సారాంశమును స్థానిక భాషలో ఈయవలెను.

ఇంత బాగుగ నున్నపుడు లోపమెక్కడ? లోపము భాషలో ఉన్నది. ఒక కర్మాగారమును గూర్చి ప్రజలతో తెలుగులో మాటాడవలెనని నియమించినవారు, వేయి కర్మాగారములకు వర్తించు నియమమును మార్చునపుడు మాత్రము హిందీలో, ఇంగ్లీషులో గెజిటునందు ప్రకటించి ఊరకుందురు. 2020లో పర్యావరణ ప్రభావ అంచనాను గూర్చిన క్రొత్త ముసాయిదా వెలువడినపుడు ఈ సంగతి న్యాయస్థానమునకు ఎక్కినది. ఆ సంవత్సరము జూన్ 30న ఢిల్లీ హైకోర్టు ఆక్షేపణల గడువును ఆగస్టు 11 వరకు పొడిగించి, ఆ ముసాయిదాను రాజ్యాంగము గుర్తించిన 22 భాషలలోనికి అనువదింప వలసినదని ఆదేశించినది. లక్షలకొలది జనులు తమ అభిప్రాయములను పంపిరి. ప్రజలకు ఆసక్తి లేదను మాట నాటితో చెల్లకపోయినది.

ఈ భాషా లోపము నేటిది కాదు. కడప సీమలోని పోరుమామిళ్ల చెరువు శాసనము 1369 నాటిది. మంచి చెరువునకు పండ్రెండు అంగములు కావలెననియు, చెరువునకు ఆరు దోషములు కలవనియు అందు చెక్కబడినది. నియమమును చెరువు చెంతనే రాతిపై చెక్కించుట మెచ్చదగినదే. కాని ఆ శాసనము సంస్కృతమున నున్నది. చెరువు మట్టి మోసినవారిలో దానిని చదివి అర్థము చేసికొనగలవా రెందరుందురు? ఆనాడు రాతిపై సంస్కృతము, ఈనాడు గెజిటులో ఇంగ్లీషు. నియమము మన ముందే యుండును, మనకు మాత్రము అందదు.

ప్రజలు పలుకక యున్న ఫలితమేమో మన కండ్ల ముందున్నది. పటాన్‌చెరు పరిశ్రమల వ్యర్థజలము నక్కవాగులో కలసి చుట్టుపట్ల ఊళ్ల నీరు చెడగా, ఆ వ్యాజ్యము 1990లో సుప్రీంకోర్టు వరకు పోవలసివచ్చినది. వాగు చెడిన పిదప కోర్టుకు పోవుటకంటె, చెడకమున్ను నియమమును గూర్చి పలుకుట మేలుగదా! హైదరాబాదు జంట జలాశయములగు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల చుట్టు 10 కిలోమీటర్ల మేర 1996లో 111వ నంబరు ఉత్తరువు ఆంక్షలు విధించినది. 2022లో 69వ నంబరు ఉత్తరువు వానిని తొలగించినది. ఉత్తరువుతో వచ్చినది ఉత్తరువుతో పోవును. ప్రజల ఎరుకలో నాటుకొన్న నియమమును తొలగించుట మాత్రము అంత సులభము కాదు.

ఓరుగల్లు విషయమే చూతము. కాకతీయులు చెరువుల కొఱకు పేరొందినవారు. పాకాల, రామప్ప, లక్నవరము వారి కాలపు కీర్తులు. అట్టి నగరములో భద్రకాళి చెరువును పూడిక తీయుటకై 2024 నవంబరులో ఖాళీ చేసిరి. పూడిక తీయుట మంచిపనియే. కాని చెరువులోనికి వచ్చు మురుగు ఆగనిచో, తీసిన చోటనే మరల పూడిక చేరును. దేశములో కలుషితమైన నదీభాగములు 2018లో 351 అనియు, 2022లో 311 అనియు కేంద్ర మండలి లెక్కించినది. ఆ పట్టికలు నదులకు సంబంధించినవి. పేరులేని వాగు, కాలనీల నడుమ చిక్కిన కుంట అట్టి పట్టికకు ఎక్కవు. పరీక్షింపని నీరు కాగితముపై ఎన్నడును చెడదు.

కనుక మనము కోరదగినవి మూడు. మొదటిది, ప్రతి చెరువు గట్టున తెలుగులో ఒక పలక ఉండవలెను: ఆ నీటి తరగతి, చివరిసారి పరీక్షించిన తేది, వచ్చిన అంకెలు అందు వ్రాయవలెను. రెండవది, తరగతిని నిర్ణయించుటకు మున్ను వార్డుసభలో, గ్రామసభలో చర్చ జరుగవలెను. మూడవది, నీటిని గూర్చిన ప్రతి ముసాయిదా తెలుగులో వెలువడిన దినమునుండియే గడువును లెక్కింపవలెను.

ఇవి కోరు ప్రజలు తమవంతు బాధ్యతను మరువరాదు. ఇంటి మురుగును వాగులోనికి మలిపి, ప్లాస్టిక్ సంచులను చెరువులో విసరి, ప్రభుత్వమునుండి మాత్రము స్వచ్ఛమైన నీటిని కోరువాని ఆక్షేపణకు బరువుండదు.

ఇందు పాఠశాలలు చేయగల పని చాల గలదు. సామాన్యశాస్త్రోపాధ్యాయుడు విద్యార్థులను చెరువు కడకు తోడ్కొనిపోయి ఆమ్ల క్షార గుణమును, ప్రాణవాయువును కొలచుట నేర్పవచ్చును. ప్రతి మాసము ఒకే చోట, ఒకే వేళ కొలచి వ్రాసిన నోటుపుస్తకము రెండేండ్లలో విలువైన సాక్ష్యమగును. సాంఘికశాస్త్రోపాధ్యాయుడు చట్టమును విప్పి చెప్పవచ్చును. తెలుగు పండితుడు ఒక ముసాయిదాను తేటతెలుగులోనికి మార్చు అభ్యాసమును ఈయవచ్చును. ఆక్షేపణ పత్రములో కోపము కంటె వివరము ముఖ్యము: ఏ చోట, ఏ దినమున, ఏమి చూచితిమి, నియమములో ఏ మాట మార్చవలెను. ఇట్లు వ్రాయ నేర్చిన బాలుడు పెద్దవాడై, జెండా ధరను గూర్చి తండ్రి అడిగినట్లే, చెరువు నీటిని గూర్చి తానును అడుగగలడు.