కొన్న ప్రాజెక్టులెందుకు? నాలుగు చుక్కల గీత చాలదా?

కంప్యూటరు చదువులు చదివే మన పల్లె పిల్లలు చివరి ఏడాది ఒక ప్రాజెక్టు చేసి చూపాలి. సొంతంగా చేసేవారు కొందరే. పట్నంలో డబ్బిస్తే అట్టవేసిన రిపోర్టుతో సహా తయారు ప్రాజెక్టు చేతికొస్తుంది. లైబ్రరీ లెక్కలు, ఆసుపత్రి లెక్కలు, ఏటేటా అవే. ధాన్యం అమ్మి ఫీజు కట్టిన తండ్రికి ఈ సంగతి తెలియదు. రేపు ఉద్యోగానికి వెళ్లినచోట ‘ఇందులో నువ్వు రాసిందేది?’ అని అడిగితే నోరు పెగలనిది ఆ పిల్లవాడికే.

దీనికి బదులు కాలేజీలవారు ఒక చిన్న పని అప్పగించవచ్చు. తెరమీద వంపుగీత గీసి, మౌసుతో లాగి సవరించే సాధనం తయారుచేయమనాలి. ఇది బొమ్మలాట కాదు. మన లిపి అంతా వంపులే. సెల్‌ఫోనులో కనిపించే తెలుగు అక్షరం వెనుక ఉన్నవి ఇలాంటి గీతల చుక్కలే.

లెక్క కష్టమేమీ కాదు. నాలుగు చుక్కలు పెట్టి వరుసగా కలిపితే మూడు గీతలు. వాటి సగాల దగ్గర మూడు చుక్కలు. ఆ మూడింటిని కలిపి మళ్లీ సగాలు తీస్తే రెండు, ఆ రెండింటి నడుమ ఒకటి. ఆ ఒక్క చుక్క వంపుమీద ఉంటుంది. సగానికి బదులు పావు, ముప్పావు ఇలా తీసుకుంటూ పోతే గీతంతా వస్తుంది. మన మెలికల ముగ్గు చుక్కలను తాకకుండా చుట్టి వస్తుంది. ఈ గీత మొదటి చుక్కలో మొదలై చివరి చుక్కలో ఆగుతుంది, నడిమి రెండూ దాన్ని తమవైపు లాగుతాయంతే.

ఫ్రాన్సులో 1959లో సిట్రోయెన్ కార్ల కంపెనీలో పాల్ డి కాస్టెల్జో ఈ పద్ధతి కనిపెడితే కంపెనీ గుట్టుగా దాచింది. రెనో కంపెనీ ఇంజనీరు పియర్ బెజియే 1960లలో తన పద్ధతిని లోకానికి వెల్లడించాడు. పేరు ఆయనకే దక్కింది.

పని మొదలుపెట్టాకే అసలు చదువు. గ్రాఫు కాగితం మీద పైకి లెక్కపెడతాం, తెరమీద సాధారణంగా కిందికి. మౌసు నొక్కితే ఏ చుక్క దగ్గరుందో ప్రోగ్రామే తేల్చుకోవాలి. రెండు వంపులు అతికేచోట గతుకు రాకూడదంటే అతుకు చుక్క, దాని ఇరుపక్కల చుక్కలు ఒకే వరుసలో ఉండాలి. చివరకు నాలుగు వంపులతో ఒక సున్నా గీయమనండి. వ్యాసార్ధం 100 అయితే పక్క చుక్కలు సుమారు 55 దూరంలో పెట్టాలి. అది అసలు వృత్తం కాదు గాని, కంటికి తేడా దొరకదు.

పరీక్షకు వచ్చినవారు లావుపాటి రిపోర్టు తిరగేయడం మాని, ‘ఈ వంపు నడుమ ఇంకో చుక్క చేర్చు, ఆకారం మారకూడదు’ అని అక్కడికక్కడే అడగాలి. జవాబు పై సగాల లెక్కలోనే ఉంది. కొనుక్కొచ్చినవాడికి అది దొరకదు.

అలాగే కాలేజీ ల్యాబులు ఆఖరి బస్సు వేళవరకైనా తెరిచి ఉంచాలి. ఇంట్లో కంప్యూటరు లేని పిల్లలు ఈ పని మరెక్కడ చేస్తారు?