శిఖరము జరిగినచో కారణము వెదకవలెను
2025లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ చపాట మిరపను పండించు నర్సంపేట రైతునకు, కాయలోని కారమును కొలుచు ద్రవ క్రోమటోగ్రఫీ యంత్రమున కారపు పదార్థమైన క్యాప్సైసిన్ శిఖరము నిన్నటి నిమిషమున గాక వేరొక నిమిషమున వెలువడుట కేవలము ప్రయోగశాల వ్యవహారము కాదు. యంత్రములోని సి-18 కాలమ్‌లో ఏమాత్రము నిలువని పదార్థపు శిఖరము కూడ అదే నిష్పత్తిలో జరిగినచో దోషము ప్రవాహమునందు, అనగా పంపునందో లీకునందో కలదు. అది కదలక క్యాప్సైసిన్ మాత్రమే జరిగినచో ద్రావణి మిశ్రమమునో, ఉష్ణోగ్రతనో, కాలమ్‌నో శంకింపవలెను. మూత వదులై ఎసిటోనైట్రైల్ ఆవిరియై మిశ్రమమున 1 శాతము తగ్గినను నిలుపుదల సుమారు 10 శాతము పెరుగును. ఒక డిగ్రీ వేడిమి హెచ్చినచో నిలుపుదల 1 నుండి 2 శాతము తగ్గును గనుక, ఓరుగల్లు వేసవిలో కాలమ్ ఓవెన్ అత్యవసరము. కారణమెరుగక కంప్యూటరులో కాలపరిధిని సవరించి శిఖరమునకు పేరు తగిలించుటను నేనంగీకరింపజాలను. ప్రామాణిక క్యాప్సైసిన్ గ్రాఫును ప్రతి నివేదికకును జతపరచుట నిబంధన కావలెను.