దూరం ఎవరు కొలిచారు?

మా పెద్దమ్మాయికి ఇంటర్ అయిపోయింది. ఢిల్లీ యూనివర్సిటీలో బి.ఎ. హిస్టరీ చదువుతానంది. ఆ మాట దస్తర్‌ఖాన్ మీద పడిన రాత్రి నుంచి మా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగడం లేదు.

మా అత్తమ్మ తస్బీ పక్కన పెట్టి "ఇత్తా దూర్ నక్కో మా" అంది. మా బావగారు, ఇంజనీరింగ్ అయితే కాలేజీ బస్సు ఇంటి ముందే ఆగుతుంది కదా అన్నారు. జుమ్మా నమాజు అయ్యాక మసీదు కమిటీ పెద్దాయన ఒకరు మా ఆయనను ఆపి, "లోగాఁ క్యా బోలింగే, సోచే?" అని అడిగారట. మా ఆఫీసులో నాతో పదిహేనేళ్లుగా పనిచేస్తున్న సబ్ఎడిటర్ మాత్రం కళ్లు పెద్దవి చేసుకుని, "ఏమండీ, మీవాళ్లు ఆడపిల్లల్ని అంత దూరం కూడా పంపిస్తారా! గ్రేట్" అన్నాడు. మెచ్చుకుంటున్నాననే అనుకున్నాడు పాపం.

మా ఆయన ఎవరికీ జవాబు చెప్పలేదు. ఫోన్ తీసి రైళ్లు చూశాడు. ఇరవై ఐదారు గంటల ప్రయాణం, పదహారు వందల కిలోమీటర్ల పైన. ఫోన్ పక్కన పెట్టి నావైపు చూశాడు. ఆడపిల్లల చదువు మీద ఉర్దూలోనూ తెలుగులోనూ ఇరవై ఏళ్లుగా వ్యాసాలు రాస్తున్న నేను తల వంచుకుని గిన్నెలు తీశాను.

ఆ సిగ్గే ఈ వ్యాసం రాయిస్తోంది. నాకు భయమేసింది. ఆ భయం నాకు ఎవరిచ్చారు? దాన్ని నేను నా పిల్ల నెత్తిన ఎందుకు పెట్టబోయాను? ఈ రెండూ తేలాలి.

నా కథ నుంచే మొదలుపెడతాను. నేను ఇంటర్ పాసయింది 1998లో. అప్పటికి మణికొండ అంటే గోల్కొండ అవతల గుట్టల మధ్య ఒక పల్లె. ఆ ఏడాది నవంబరులోనే ప్రధాని వాజపేయి సైబర్ టవర్స్ ప్రారంభించారు. మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం పుట్టింది ఆ ఏడే, గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ పుట్టింది ఆ ఏడే. దేశం అంతా హైదరాబాద్ వైపు చూస్తున్న ఆ సంవత్సరం మా అబ్బా నన్ను ఒకే ఒక్క మాట అడిగారు: "ఎన్ని బస్సులు మారాలి?"

మెహిదీపట్నం దాకా ఒకటే బస్సు. ఆ బస్సు ఆగే చోటికి నడిచి వెళ్లగల కాలేజీ ఏదైతే అదే నా కాలేజీ. అందులో ఏ గ్రూపులో సీటు మిగిలితే అదే నా గ్రూపు. నన్ను ఆర్ట్స్ గ్రాడ్యుయేట్ అంటారు. నిజానికి నేను బస్సు గ్రాడ్యుయేట్‌ని. నాకు సీటిచ్చిందీ సబ్జెక్టులిచ్చిందీ ఆర్టీసీయే.

మా అబ్బా చెడ్డవాడు కాదు. ఆయన నన్ను కొట్టలేదు, చదువు మానమనలేదు. 1990 డిసెంబరులో పాతబస్తీలో ఉన్న చాచా ఇంటికి వెళ్లి, అల్లర్లలో ఇరుక్కుని, కర్ఫ్యూ మధ్య ఇల్లు చేరలేక రోజుల తరబడి అక్కడే ఉండిపోయిన మనిషి. ఆ తర్వాత రెండేళ్లకు డిసెంబరు 6 వచ్చింది. అప్పటినుంచి ఆయన మనుషుల్ని కాదు, బస్సుల్ని లెక్కపెట్టడం నేర్చుకున్నారు. మారే బస్సు ఒక్కటి పెరిగితే ఇల్లు అంత దూరం. మా తరం ఆడపిల్లల చదువు ఎక్కడ ఆగిందో తెలుసుకోవాలంటే ఖురాన్ తిరగేయకండి, ఆనాటి కర్ఫ్యూ వేళలు తిరగేయండి.

ఇప్పుడు మా సబ్ఎడిటర్ లాంటి మిత్రులతో మాట్లాడాలి. ముస్లింలు ఆడపిల్లల్ని చదివించరు, పంపితే మదర్సాకు పంపుతారు అని మీరు ఎంత తేలిగ్గా అంటారు! 2006లో సచార్ కమిటీ లెక్క తీస్తే బడి వయసు ముస్లిం పిల్లల్లో మదర్సాకు వెళ్లేది నూటికి ముగ్గురో నలుగురో అని తేలింది. ఆడపిల్లల చదువు ఎందుకు ఆగిపోతోందో కూడా ఆ కమిటీ చెప్పింది. దగ్గర్లో బడి లేదు, ఆడపిల్లలకు హాస్టల్ లేదు, ఆడ టీచర్లు లేరు, స్కాలర్‌షిప్ లేదు. ఇందులో మతం ఎక్కడుంది? మంచం ఉంది, బస్సు ఉంది, డబ్బు ఉంది. హాస్టల్‌లో ఒక మంచం లేకపోవడాన్ని మీరు మా బురఖాకు అంటగట్టారు.

ఇదే హైదరాబాద్ నుంచి 1895లో ఒక పదహారేళ్ల అమ్మాయి నిజాం ఇచ్చిన స్కాలర్‌షిప్పుతో చదువుకు లండన్ వెళ్లింది. ఆమె సరోజినీ నాయుడు. ఒక ముస్లిం పాలకుడి ఖజానా ఒక బెంగాలీ బ్రాహ్మణుడి కూతుర్ని సముద్రాలు దాటించింది. ఇవాళ ఈ దేశపు ఖజానా ముస్లిం పిల్లలకు ఏం చేసింది? పరిశోధన చేసే మైనారిటీ విద్యార్థులకిచ్చే మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను 2022లో ఆపేసింది.

రిజర్వేషన్ ఉంది కదా అంటారు. ఉంది. 2007లో వచ్చిన 4 శాతం బి.సి.-ఇ మా షేక్‌లకు వర్తిస్తుంది. దాంతో ఈ రాష్ట్రంలో మా పిల్లలు కొందరు డాక్టర్లయ్యారు, ఇంజనీర్లయ్యారు, కాదనను. కాని కేంద్ర ఓబీసీ జాబితాలో మాకు చోటు లేదు. మా వెనకబాటు రాష్ట్రం సరిహద్దు దాకానే చెల్లుతుంది. రైలు కాగజ్‌నగర్ దాటిందంటే మేం ఓసీలం! మా వీధిలో మోరీ అదే, మా ఇంటి అద్దె అదే, మా తాత చేసిన కూలి అదే. సర్టిఫికెట్ మాత్రం చెల్లదు. దూరం అంటే ఇది కూడా.

అద్దె అంటే గుర్తొచ్చింది. మణికొండలో ఇవాళ ఏ వీధిలోకి వెళ్లినా లేడీస్ హాస్టల్ బోర్డు కనిపిస్తుంది. కర్నూలు, ఖమ్మం, నెల్లూరు, కడప ఆడపిల్లలు నలుగురేసి ఒక గదిలో ఉండి కోచింగులకు వెళ్తారు, ఉద్యోగాలకు వెళ్తారు. వాళ్ల అమ్మానాన్నలు ఇప్పుడు నేనున్నట్టే ఉండి ఉంటారు. మన మణికొండే వాళ్లకు ఢిల్లీ. మా పక్కింటాయన ఆ పిల్లల అద్దెల మీదే మూడంతస్తులు వేశాడు. అదే మనిషి గేటు దగ్గర నిలబడి "ఆడపిల్లను అంత దూరం ఎందుకమ్మా" అని నాకు హితవు చెబుతున్నాడు. ఆయన హాస్టల్‌లో షేక్, సయ్యద్ పేర్లతో ఎందరున్నారని అడిగాను. "నాకేం లేదమ్మా, మిగతా పిల్లలు ఒప్పుకోరు" అన్నాడు. ఢిల్లీలో గది కోసం ఫోన్ చేస్తే అక్కడి ఆంటీ కూడా సరిగ్గా అదే మాట హిందీలో చెప్పింది. పేరు అడిగేదాకా గది ఖాళీగానే ఉంది.

దగ్గరగా ఉంటే భద్రం అంటారు. మా సందు చివర నిలబడి చూడండి. హుస్సేన్ షా వలీ దర్గా మాకు దగ్గరే. చిన్నప్పుడు నాని చేయి పట్టుకుని ఉర్సుకు నడిచి వెళ్లేదాన్ని. ఆ దర్గా పేరున ఉన్నాయని చెప్పే 1654 ఎకరాల 32 గుంటల మణికొండ జాగీరు భూములు వక్ఫ్‌వి అని బోర్డు 2006లో ప్రకటించింది. 2012లో హైకోర్టు బోర్డు పక్షాన చెప్పింది. 2022 ఫిబ్రవరి 7న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసి, భూమి ప్రభుత్వానిదే అంది. ఐఎస్‌బీ, మైక్రోసాఫ్ట్, ఇన్ఫోసిస్, విప్రో, లాంకో హిల్స్ అన్నీ ఆ వివాదంలో ఉన్నవే. తీర్పు మీద వాదన ఇక్కడ వద్దు. ప్రభుత్వ భూమే అనుకుందాం. ప్రభుత్వంలో మేం లేమా? ఆ నేల మీద లేచిన చదువుల్లో, కొలువుల్లో మా సందు పిల్లలు ఎందరు? ఉర్దూ యూనివర్సిటీ మాకు తలుపు తీసింది, అది చెప్పకపోతే పాపం. మిగతా గేట్ల దాకా మావాళ్లూ వెళ్తారు. ఒకరు వాచ్‌మన్, ఒకరు క్యాబ్ డ్రైవర్, ఇద్దరు ముగ్గురు హౌస్‌కీపింగ్ ఆడవాళ్లు. గేటు రెండు కిలోమీటర్లు. లోపల తరగతి గది ఎన్ని కిలోమీటర్లో ఎవరైనా కొలిచి చెప్పండి.

అదే వారం, ఫిబ్రవరి 5న, కర్ణాటక ప్రభుత్వం కాలేజీల్లో యూనిఫాం మీద ఉత్తర్వు ఇచ్చింది. ఉడుపి ఆడపిల్లలు ఏ ఢిల్లీకీ పోలేదు. సొంత ఊరు, సొంత కాలేజీ, రోజూ వెళ్లే గేటు. తల మీద గుడ్డ ఉందని ఆ గేటు వేశారు. మార్చి 15న హైకోర్టు ఆ ఉత్తర్వును సమర్థించింది. అక్టోబరులో సుప్రీంకోర్టు ఇద్దరు జడ్జీలు చెరొక మాట చెప్పారు. నేను హిజాబ్ వేసుకోను, నా కూతురు వేసుకోదు. వేసుకునే పిల్లను చదువుకోనివ్వనివాడు రేపు వేసుకోని నా పిల్లను పేరు చూసి ఆపడని ఎవరు హామీ ఇస్తారు?

నా భయం ఉత్త భయం అని ఎవరైనా అంటే ఊరుకోను. బదాయూఁకు చెందిన ఫాతిమా నఫీస్ కొడుకును జేఎన్‌యూకు పంపింది. నజీబ్ అహ్మద్ 2016 అక్టోబరు 15న హాస్టల్ నుంచి మాయమయ్యాడు. అంతకు ముందు రాత్రే అతన్ని కొట్టారని తోటి విద్యార్థులు చెప్పారు. సీబీఐ దాదాపు ఏడాదిన్నర వెతికి ఫైలు మూసింది. 2025 జూన్ 30న ఢిల్లీ కోర్టు ఆ మూతను ఒప్పుకుంది. ఆ తల్లికి బిడ్డా లేడు, జవాబూ లేదు. 2016 జనవరి 17న, మా ఇంటి నుంచి ఆటోలో వెళ్లగలిగే హైదరాబాద్ యూనివర్సిటీలో రోహిత్ వేముల ప్రాణం తీసుకున్నాడు. రాధికమ్మ గుంటూరు నుంచి పంపిన బిడ్డ అతను. నాకు దగ్గరైన క్యాంపస్ ఆమెకు ఎంత దూరమైపోయిందో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. కాబట్టి ధైర్యంగా ఉండమని నాకు పాఠాలు చెప్పకండి. ఆ పాఠం హాస్టల్ వార్డెన్లకు చెప్పండి, పోలీసులకు చెప్పండి, పేరు అడిగి గది దాచేవాళ్లకు చెప్పండి.

అయితే ఇదంతా చెప్పుకుని మనం తప్పించుకోవడానికి లేదు. మన పెద్దలతో నాకు వేరే తగవుంది.

ప్రతి జల్సాలో మైకు ముందు నిలబడి, చదువు కోసం చైనా దాకా అయినా వెళ్లమన్నారని చెప్పేది మీరే కదా? మణికొండ నుంచి ఢిల్లీ చైనాకన్నా దూరమా? కొడుక్కి పద్దెనిమిది నిండగానే పాస్‌పోర్టు చేయించి దమ్మాం, జెద్దా పంపాం. అప్పుడు దూరం లేదు. కూతుర్ని ఎన్నడూ చూడని మనిషికిచ్చి కువైట్ విమానం ఎక్కించాం. అప్పుడూ దూరం లేదు. 1991లో ఈ నగరం నుంచే పదేళ్ల పిల్లను పెళ్లి పేరుతో అరవై ఏళ్ల అరబ్బు తీసుకుపోతుంటే, విమానంలో ఒక ఎయిర్ హోస్టెస్ ఆ పిల్ల ఏడుపు గమనించి పట్టించింది. ఖాజీ అడగలేదు దూరమెంతని. చుట్టాలు అడగలేదు. పుస్తకాల సంచితో ఒక ఆడపిల్ల రైలెక్కుతానంటే మాత్రం మన ఇజ్జత్‌కు కిలోమీటర్లు గుర్తొస్తాయి. మొగుడి వెనక వెళ్తే దూరం దగ్గరవుతుంది, తనంతట తాను వెళ్తే దగ్గర కూడా దూరమవుతుంది. ఇది దీన్ కాదు, మగవాడి కొలబద్ద.

ఇంకొక మాట ఇంజనీరింగ్ గురించి. ఈ కారిడార్ పక్కన బతికేవాళ్లకు అద్దాల మేడలు తప్ప వేరే లోకం కనిపించదు. హిస్టరీతో ఏం చేస్తుందని మా బావగారు అడుగుతున్నారు. మన చరిత్రను రోజూ ఎవరెవరో రాస్తున్నారు, ఊళ్ల పేర్లు మారుస్తున్నారు, పాఠాల్లోంచి మొఘలుల్ని తీసేస్తున్నారు. మన పిల్లలంతా కోడింగ్ నేర్చుకుంటే ఆ కాగితాలు చదివేదెవరు? దర్గా పేరున ఏ ఫర్మానా ఉందో, అందులో ఏం రాసి ఉందో తేల్చడానికి కూడా పాత ఫారసీ, ఉర్దూ చదివే మనిషి కావాలి. మన ఇంట్లో అలాంటి పిల్ల పుట్టిందంటే ఏడవాలా?

నేను మళ్లీ మా అమ్మాయి దగ్గరికి వెళ్లాను. బేటీ, భయమేస్తోంది నాకు అని ఒప్పుకున్నాను. అది పుస్తకం మీద నుంచి తల ఎత్తకుండానే, "నాకూ వేస్తోంది అమ్మీ. ఇక్కడున్నా వేస్తుంది" అంది.

ఫారం మీద సంతకం పెట్టాను. మా ఆయన కూడా పెట్టాడు, రెండుసార్లు పెన్ను దులిపి. భయం పోలేదు. అది మా ఇద్దరి సామాను, పిల్ల పెట్టెలో సర్దం. మా అత్తమ్మ ఇంకా మాట్లాడటం లేదు, కాని నిన్న రాత్రి మామిడికాయ అచార్ సీసాకు గుడ్డ కడుతూ కనిపించింది.

ఢిల్లీలో గది ఇంకా దొరకలేదు. వెతుకుతున్నాం. ఇది చదివే మిత్రులారా, "మీవాళ్లు పంపిస్తారా" అని ఇకపై మమ్మల్ని అడగకండి. మేం పంపిస్తున్నాం. మీ ఇంటికి టూలెట్ బోర్డు ఉంటే, రేపు ఏ కర్నూలు షేక్ పిల్లో, ఏ పాలమూరు దూదేకుల పిల్లో వచ్చి తలుపు తడితే, పేరు వినక ముందు ఎంత అద్దె చెప్పారో విన్న తర్వాతా అంతే చెప్తారా? దానికి జవాబు ఇవ్వండి.