తానా (ఉత్తర అమెరికా తెలుగు సంఘం) కార్యవర్గానికి ఒక భీమవరం తాతయ్య విన్నపం



అమెరికాలో మన పిల్లలెవరికైనా ప్రాణం మీదికొచ్చిందని తెలిస్తే ఇక్కడ మేం ముందుగా వెతికేది మీ అత్యవసర సహాయ బృందం టీమ్ స్క్వేర్ నంబరు. ఆ నంబరు వెతకాల్సిన సందర్భాలు ఈమధ్య తుపాకీ వల్ల కూడా వస్తున్నాయి. 2023 ఏప్రిల్‌లో ఒహాయోలో పెట్రోలు బంకులో పనిచేస్తున్న ఏలూరు కుర్రాణ్ణి కాల్చి చంపారు. నెల తిరక్కుండానే, మే 6న, డల్లాస్ పక్కన ఆలెన్ మాల్‌లో ఒకడు ఎనిమిది మందిని పొట్టనపెట్టుకున్నాడు. అందులో మన హైదరాబాద్ నుంచి వెళ్ళిన ఇంజనీరమ్మాయి ఉంది. అలాంటి వార్త వచ్చిన రోజు భీమవరంలో ఎన్ని ఇళ్ళల్లో అన్నం సయించదో మీకు చెప్పక్కర్లేదు.

కానీ నేను రాస్తున్నది ఎవడో ఉన్మాది చేతిలో ఉన్న తుపాకీ గురించి కాదు. మన వాళ్ళు డబ్బిచ్చి కొనుక్కుని ఇంట్లోకి తెచ్చుకుంటున్న తుపాకీ గురించి.

మా అబ్బాయిది డల్లాస్ దగ్గరే. గ్రీన్‌కార్డు వచ్చింది, సొంత ఇల్లుంది. ఒక శనివారం వీడియో కాల్ చేశాడు. వెనకాల పెద్ద హాలు, వరసగా బల్లలు, బల్లల మీద తుపాకులు. గన్ షో అన్నాడు. పక్కన మా మనవడు, పన్నెండేళ్ళవాడు. సెకండ్ హ్యాండ్ రివాల్వర్లున్న బల్ల దగ్గర నిలబడ్డారిద్దరూ. "ముప్ఫై ఎనిమిది క్యాలిబరండి నాన్నగారూ, స్మిత్ అండ్ వెసన్. ఒకప్పుడు పోలీసులు వాడినవే. పాతదైనా గట్టి సరుకు" అంటూ తిప్పి చూపించాడు. మనవడు దాని చక్రం గిర్రున తిప్పి, "తాతయ్యా, ఆరు బుల్లెట్లు పడతాయి!" అన్నాడు. వాడి మొహంలో దీపావళి నాటి వెలుగు.

ఎందుకురా ఇది అంటే, వాళ్ళ కాలనీలో రెండు ఇండియన్ ఇళ్ళల్లో దొంగలు పడ్డారట. మన ఇళ్ళల్లో బంగారం ఉంటుందని వాళ్ళకి తెలిసిపోయిందన్నాడు. ఆ భయం అబద్ధం కాదు. ఎదిగిన ఆడపిల్లా, భార్యా ఉన్న ఇంట్లో రాత్రి కిటికీ చప్పుడైతే మగాడి గుండె ఎలా కొట్టుకుంటుందో నేనూ ఎరుగుదును. చివర్లో ఇంకో మాట కూడా అన్నాడు: "అల్లూరి వారి గడ్డ మీద పుట్టినవాళ్ళమండి, తుపాకీకి భయపడతామా?"

ఆ మాట నన్ను కుదిపేసింది. అల్లూరి సీతారామరాజు గారి సొంతూరు మోగల్లు మాకు కూతవేటు దూరం. 2022 జులై 4న ప్రధానమంత్రి వచ్చి భీమవరంలో ఆవిష్కరించిన ముప్ఫై అడుగుల కంచు విగ్రహం ఇక్కడి ప్రతి పిల్లాడికీ తెలుసు. ఆయన 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద పడి 26 తుపాకులు, రెండున్నర వేల పైచిలుకు తూటాలు పట్టుకెళ్ళారు. 1878 నాటి ఆయుధాల చట్టంతో తెల్లవాడు ఈ దేశాన్ని నిరాయుధం చేసిన రోజులవి. అంత పోరాటంలోనూ ఏమేం తీసుకెళ్తున్నదీ స్టేషను రికార్డులో రాసి సంతకం చేసి మరీ వెళ్ళారని చెబుతారు. ఆయన పేరు చెప్పి తుపాకీ కొనేవాళ్ళు ఆ సంతకాన్ని కూడా గుర్తుపెట్టుకోవాలి.

మా ఇంట్లో తుపాకీ లేకపోలేదు. మా పెదనాన్నగారికి డబుల్ బ్యారెల్ ఉండేది. కొల్లేరులో పరజల వేటకి వెళ్ళేవారు. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చాక వేట ఆగింది, తుపాకీ మాత్రం బీరువాలోనే ఉంది. ఎన్నికలొచ్చాయంటే దాన్ని స్టేషన్లో అప్పజెప్పి రసీదు తెచ్చుకోవడం, ఫలితాలయ్యాక మళ్ళీ వెళ్ళి తెచ్చుకోవడం. తూటాలు ఒకచోట, తుపాకీ ఒకచోట, తాళంచెవి ఆయన మొలతాడుకి. ఆయన పోయాక లైసెన్సున్న డీలరుకి ఇచ్చేశాం. ఇప్పటికీ ఇక్కడ ఒక లైసెన్సుదారు ఇంకొకరికి పాత తుపాకీ అమ్మాలంటే కలెక్టరుకో స్టేషనుకో ముందుగా రాతపూర్వకంగా తెలిపి 45 రోజులు ఆగాలి. కొనేవాడికి ఇరవై ఒక్క ఏళ్ళు నిండాలి, చేతిలో లైసెన్సుండాలి. టెక్సస్ గన్ షోలో లైసెన్సున్న వ్యాపారి దగ్గరైతే సాధారణంగా ఫారం నింపి, పాత నేరాల తనిఖీ అయ్యాకే ఇస్తారు. పక్క బల్ల దగ్గర తన సొంత తుపాకీ అమ్ముకునే మామూలు మనిషికి ఆ తనిఖీ చేయించాల్సిన పని లేదు. డబ్బిచ్చి జేబులో వేసుకోవచ్చు. మా పెదనాన్నగారి లాంటి అలవాట్లేవీ లేని మన పిల్లలు ఆ హాల్లోకి వెళ్తున్నారు.

విద్యార్థుల సంగతి ఇంకా ఘోరం. ఎఫ్1, హెచ్1 వీసా మీద ఉన్నవాళ్ళ దగ్గర తుపాకీ ఉండకూడదని అక్కడి చట్టం. కానీ వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. 2024 నవంబరులో అట్లాంటాలో ఉప్పల్ కుర్రాడు తన పుట్టినరోజు నాడే, తన వేట తుపాకీ చేతిలో పేలి చనిపోయాడు. విద్యార్థికి తుపాకీ దొరుకుతుందన్న సంగతి ఇక్కడి తల్లిదండ్రుల ఊహకే అందదు.

మా అబ్బాయి చూపించిన ఆ రివాల్వరు సంగతి కూడా చెప్పనివ్వండి. చాలా రివాల్వర్లకు సేఫ్టీ మీట ఉండదు. తూటాలుండి ట్రిగ్గరు నొక్కితే పేలుతుంది, అంతే. వెనక సుత్తిని ముందే లాగి ఉంచితే పన్నెండేళ్ళ వేలికి అదొక లెక్క కాదు. 2020 నుంచీ అమెరికాలో ఏడాది నుంచి పందొమ్మిదేళ్ళ వయసు పిల్లల చావులకు మొదటి కారణం తుపాకీ. రోడ్డు ప్రమాదాలు దాని తర్వాతే. అక్కడి తుపాకీ చావుల్లో సగానికి పైగా ఆత్మహత్యలు. దొంగ వస్తాడో రాడో. ఉద్యోగం ఊడిన తండ్రి, గ్రేడు తగ్గిందని గది తలుపేసుకున్న కొడుకు మాత్రం అదే ఇంట్లో ఉంటారు. ఆ ఒక్క చెడ్డ రాత్రి బీరువాలో తూటాలు నింపిన రివాల్వరుంటే ఏమవుతుందో అని నాకు నిద్ర పట్టడం లేదు.

మీ 24వ మహాసభలు 2025 జులైలో మిషిగన్‌లోని నోవైలో జరిగాయి. అదే ఓక్లండ్ కౌంటీలో ఆక్స్‌ఫర్డ్ అనే ఊరుంది. 2021 నవంబరు 26న ఒక తండ్రి పదిహేనేళ్ళ కొడుకుని వెంటబెట్టుకెళ్ళి పిస్తోలు కొన్నాడు. నాలుగు రోజులకి ఆ పిల్లాడు అదే పిస్తోలుతో తన హైస్కూల్లో నలుగురు విద్యార్థుల్ని చంపాడు. 2024లో ఆ తల్లికీ తండ్రికీ పదేళ్ళ నుంచి పదిహేనేళ్ళ జైలు పడింది. మీరు వేలమంది తెలుగువాళ్ళని ఒక్కచోట చేర్చిన కౌంటీ అది. వచ్చే సభల్లో పాటలూ, సన్మానాలూ, పెళ్ళిచూపుల వేదికలతో పాటు ఒక్క గంట ఈ మాటకి ఇవ్వమని అడుగుతున్నాను.

తుపాకీ కొనొద్దని చెప్పమనడం లేదు. అది ఆ దేశపు చట్టం, వాళ్ళ హక్కు. కొన్నవాళ్ళు ఎలా దాచాలో తెలుగులో చెప్పండి: తాళమున్న పెట్టె, తూటాలు వేరే, తాళం పిల్లలకి తెలియని చోట. పిల్లల చేతికి అందేలా వదిలేస్తే టెక్సస్‌లో నేరమని చాలామందికి తెలియదు. తుపాకీకి వేసే కేబుల్ తాళాల్ని అక్కడ చాలా పోలీసు స్టేషన్లలో ఉచితంగా ఇస్తారు. మీ స్టాలులో అవి పెట్టి పంచండి. మీ పాఠశాల తరగతులకి పిల్లల్ని దింపే తల్లులకి చెప్పండి, పిల్లాణ్ణి స్నేహితుడింటికి పంపేముందు "మీ ఇంట్లో తుపాకీ ఉందాండీ, తాళం వేశారా?" అని అడగమని. వేరుశనగ పడదని చెప్పినంత మామూలుగా అడగొచ్చు. అడిగితే ఏమనుకుంటారో అన్న మొహమాటం మనవాళ్ళకి చాలా ఎక్కువ, అందుకే మీ నోటి నుంచి రావాలి ఈ మాట.

అలాగే, వీసా వచ్చిన పిల్లల కోసం నాలుగు పేజీల చిన్న పుస్తకం వేయండి. వేట లైసెన్సు సంగతి, బంకులో రాత్రి షిఫ్టులో ఎవడైనా తుపాకీ చూపిస్తే గల్లాపెట్టె వదిలేసి ప్రాణం దక్కించుకునే సంగతి అందులో ఉండాలి. ఏటా మా ఊరి ఇంజనీరింగ్ కాలేజీల నుంచి ఎంతమంది బయల్దేరతారో మీకూ తెలుసు. అచ్చు ఖర్చు మేం పెట్టుకుంటాం, పంపిణీ మేం చూసుకుంటాం. ఆగస్టు సెమిస్టరుకి పిల్లలు పెట్టెలు సర్దుకునేది జులైలో. జూన్‌లోపు ఆ నాలుగు పేజీలు రాయించి పంపించండి.

ఇట్లు,
భీమవరం నుంచి ఒక రిటైర్డ్ లెక్చరర్