పసిగుండెలో దొడ్డిదారి

12 ఏళ్ళ బాలుడు ఆటలపోటీలకు ముందు వైద్యపరీక్షకు వెళతాడు. వానికి ఏ బాధా లేదు. కాని ఇ.సి.జి. కాగితంపై చిన్న వాలుగీత ఒకటి కనిపిస్తుంది. “గుండెలోకి కాథెటర్లు పంపి పరీక్షించవలసి రావచ్చు” అని డాక్టరు అనగానే తల్లిదండ్రుల గుండెలు జారిపోతాయి. నిక్షేపంలా ఆడుకొంటున్న బిడ్డకు ఇంత పరీక్ష ఎందుకు? న్యాయమైన ప్రశ్నే.

గుండె పైగదులలో పుట్టిన విద్యుత్ ప్రేరణ, నడుమనున్న ద్వారం వద్ద క్షణకాలం ఆగి క్రిందిగదులకు చేరుతుంది. కొందరికి పుట్టుకతోనే సన్నని కండరపు పోగు ఒకటి రెండవ దారిగా ఏర్పడుతుంది. అక్కడ ఆ నిలుపుదల లేదు. 1930లో ఈ లక్షణాలను వర్ణించిన ఉల్ఫ్, పార్కిన్‌సన్, వైట్‌ల పేర్లే ఈ స్థితికి వచ్చాయి. పైగదులు అదుపుతప్పి కంపించినపుడు ఈ దొడ్డిదారి ప్రేరణలను మరీ వేగంగా క్రిందికి వదిలితే ప్రాణాపాయం. అయితే అన్ని దారులూ అంత వేగమైనవి కావు.

ఆ భేదం తెలుసుకొనడానికి మొదట బిడ్డను పరుగెత్తిస్తూ ఇ.సి.జి. తీస్తారు. ఆ గుర్తు ఒక్కసారిగా మాయమైతే దారి బలహీనమన్నమాట. సందేహం మిగిలితే లోపలి పరీక్ష. మత్తు ఇచ్చి, తొడసిర గుండా కాథెటర్లు పంపి, కృత్రిమ ప్రేరణలిచ్చి కొలుస్తారు. పైగదులు కంపించేటపుడు ఆ దారిన వచ్చే రెండు స్పందనల కనీస వ్యవధి 250 మిల్లీసెకన్లు, అనగా సెకనులో నాలుగవ వంతు, లేక అంతకు తక్కువైతే అపాయం ఎక్కువ. అప్పుడు కాథెటర్ కొసను వేడిచేసి ఆ పోగును మాడ్చివేయవచ్చు. 1968లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో తొలిసారి ఇట్టి దారిని తెంచినపుడు ఛాతీ కోయవలసి వచ్చింది.

ఈ పద్ధతికీ చిక్కులు లేకపోలేదు. పోగు సహజద్వారం ప్రక్కనే ఉంటే, వేడి ద్వారానికి తగిలి బిడ్డకు జీవితాంతం పేస్‌మేకర్ అవసరం కావచ్చు. అట్టి చోట వైద్యులు తరచు శీతలీకరణను ఎన్నుకొంటారు. 15 కిలోల లోపు పిల్లలకు ప్రమాదం మరింత ఎక్కువ. పైగా చంటిబిడ్డలలో గుండెదడ ఏడాది నిండేలోగా చాలావరకు తగ్గిపోతుంది. కనుక వీలైనంతవరకు మందులతో వేచి చూస్తారు.

తల్లిదండ్రులు వైద్యుని అడగవలసినవి మూడు: పరుగు పరీక్షలో ఏమి తేలింది? పోగు ఎక్కడ ఉండవచ్చు? బిడ్డ ఎదిగేవరకు ఆగవచ్చునా? కాని ఆ గుర్తు ఉన్న బిడ్డ ఎన్నడైనా స్పృహతప్పి పడిపోతే, ఇక ఆలస్యం పనికిరాదు.