నర్సు వృత్తియు స్త్రీల హక్కులును

మన పేటలో ఒక బాలిక పై తరగతులు ముగించి నర్సు శిక్షణకు పోయెదనన్నచో, ఇంట మొట్టమొదట వినవచ్చు మాట "ఆ పని మనకెందుకు?" అని. రాత్రి డ్యూటీలు, పరాయివారి రోగములు, పెండ్లి సంబంధములకు అడ్డు: ఇట్లు కారణములు వరుసగా వచ్చును. అయినను అదే ఇంట కాన్పు వచ్చిననాడు అందరును నర్సమ్మ రాకకే ఎదురుచూతురు. అక్కర ఉన్నంతవరకు దేవత, తీరిన పిమ్మట పనిమనిషి! ఈ తీరు న్యాయము కాదని మా అభిప్రాయము. స్త్రీల బాధలను అందరికంటె ముందు చూచునది నర్సు. చూచినదానిని పదిమంది యెదుట చెప్పగల చదువును ధైర్యమును ఆమెకున్నచో, ఆమె సంఘమునకే నాయకురాలు కాగలదు.

అమెరికాలో మార్గరెట్ సాంగర్ (1879-1966) అను నర్సు చరిత్రము ఇందుకు నిదర్శనము. ఆమె తల్లి 18 మారులు గర్భము ధరించి, 11 మంది బిడ్డలను కని, 1899లో కన్నుమూసెను. న్యూయార్కు పేదవాడలలో నర్సుగా ఇంటింటికి తిరుగునప్పుడు సాంగరునకు మరల అట్టి తల్లులే కానవచ్చిరి. ఎడతెగని కాన్పులతో కృశించిన ఆ తల్లులకు గర్భనిరోధమును గూర్చి చెప్పుటయే ఆనాడు నేరము; 1873 నాటి చట్టము అట్టి సమాచారమును అశ్లీలముగా ఎంచినది. మందిచ్చి ఇంటికి పోవుటతో తన పని తీరినదని ఆమె తలపలేదు. 1916 అక్టోబరు 16న బ్రూక్లిన్‌లో ఒక సలహాకేంద్రము తెరచెను. పోలీసులు కొలది దినములకే దానిని మూసివేసిరి. 1917లో ఆమె 30 దినములు చెరలో నుండెను.

ఆమె చెప్పినదెల్ల మనకు శిరోధార్యము కాదు. 1935లో వార్ధాలో ఆమెతో సంభాషించిన గాంధీమహాత్ముడు, ఆత్మనిగ్రహమే మార్గమని చెప్పి, కృత్రిమ సాధనములను అంగీకరింపలేదు. మనుష్యులను యోగ్యులని, అయోగ్యులని విభజించి, అయోగ్యులకు సంతానము కలుగరాదన్న వాదమును ఆమె సమర్థించుట గర్హింపదగినది. ఆ కారణముననే 2020లో న్యూయార్కులోని ఒక చికిత్సాలయమునకు ఆమె పేరు తొలగించుటకు దానిని నడపు సంస్థ నిశ్చయించినది. అయినను, తన శరీరమును గూర్చిన జ్ఞానము స్త్రీకి దక్కవలెనన్న మూలసూత్రము చెడలేదు.

సాంగర్ రోగి పడక చెంతనుండి హక్కుల వైపు నడచినది. మన దుర్గాబాయిగారు (1909-1981) హక్కుల పోరాటమునుండి స్త్రీల విద్యారోగ్యముల వైపు నడచినారు. పండ్రెండేండ్ల ప్రాయమున, బడిలో ఆంగ్లమాధ్యమమును నిరసించి చదువు విడిచిన ఆమె, ఉప్పుసత్యాగ్రహమున చెరకు పోయి, చట్టమెరుగక శిక్షలనుభవించు స్త్రీలను చూచి, న్యాయశాస్త్రము చదువ సంకల్పించినారు. 1937లో మైలాపూరులో ఆమె నాటిన విత్తనమే ఆంధ్ర మహిళా సభ. అడయారులో ఆమె పేరుగల ఆసుపత్రి ఆ సభకు చెందినదే. ఆమె అధ్యక్షతన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి 1958లో, బడి మధ్యలో విడిచిన స్త్రీలకు కొలదికాలములో పరీక్ష ముగించు సంక్షిప్త విద్యాప్రణాళిక నెలకొల్పినది. నర్సులుగా, ఉపాధ్యాయినులుగా శిక్షణ పొందుటకు వారిని అర్హులను చేయుటయే దాని ఉద్దేశము. చదువు లేనిదే శిక్షణ లేదు. శిక్షణ లేనిదే స్వతంత్ర జీవనము లేదు. ఈ గొలుసును ఆమె బాగుగ గుర్తించినారు.

ఇచట మరియొక మాట. తెలుగున చదివినచో ఏమి లాభమని కొందరు మమ్ము అడుగుచుందురు. సినిమా పనులకై వచ్చి కోడంబాక్కమున స్థిరపడిన కుటుంబములలో వృద్ధ మాతలెందరో కలరు. కడుపునొప్పియో, గుండెదడయో, నలుగురిలో చెప్పుకొనరాని ఆడువారి బాధయో వచ్చినప్పుడు వారి నోట వచ్చునది తల్లిభాషయే. ఆ మాట తిన్నగా అర్థము చేసికొను నర్సు ఆ పడక ప్రక్కనుండుట ఎంత మేలు! ఐతే తెలుగు ఒక్కటియే చాలదు. తమిళము మన ఇరుగుపొరుగుల భాష. ఆసుపత్రిలో అధిక సంఖ్యాకుల భాష. ఆంగ్లము వైద్యగ్రంథముల భాష. ఆంగ్లమాధ్యమమును నిరసించిన దుర్గాబాయిగారే పిదప ఆంగ్లమున న్యాయశాస్త్రము చదివి, 1942లో పట్టము పొంది, ఈ నగరపు న్యాయస్థానమున వాదించినారు. తల్లిభాషపై అభిమానము, పరభాషలు నేర్వకుండుటకు సాకు కారాదు.

బాలికలారా! శాస్త్ర పాఠములలో శరీరమును గూర్చిన అధ్యాయము వచ్చినప్పుడు సిగ్గుపడి తలవంచుకొనకుడు; తెలియనిది అడుగుడు. బాలురారా! ఆ అధ్యాయమును పరిహాసమునకు వాడుకొనకుడు. రేపు మీ ఇంటి ఆడువారి ఆరోగ్యమునకు మీరును బాధ్యులే.

తల్లిదండ్రులారా! మీ కుమార్తె నర్సు కావలెనని నిర్బంధించుట మా ఉద్దేశము కాదు. ఆమె కోరినచో వలదనకుడు. ఏ వృత్తి కోరినను, నడుమ చదువు మాన్పింపకుడు. ఆసుపత్రిలో మీకు సేవ చేసిన నర్సమ్మను "అమ్మా" అని పిలిచినంత గౌరవముతోనే, ఆ వృత్తి కోరిన మీ బిడ్డను సాగనంపుడు. వరుని వెదకుటకు ముందు ఆమె దరఖాస్తుపై సంతకము చేయుడు. ఇంతకు మించి మేము కోరునది లేదు.